పెనాంగ్‌లో షిప్ ఆగిన రోజు: బస్సు టూర్ కన్నా ఊళ్ళో తిరగడమే నయం

సింగపూర్‌లో ఎక్కి మళ్ళీ సింగపూర్‌లోనే దిగే చిన్న క్రూజ్‌కి అమ్మానాన్నల్ని తీసుకెళ్ళాం, మధ్యలో ఒక పగలంతా మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఆపారు. షిప్‌లో తిండి, రూములు, షోల గురించి చాలామందే రాశారు, నేను ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నా.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు, ఎండలో నడవలేదేమో అన్న భయంతో ముందురోజు రాత్రే షిప్‌లో టూర్ డెస్క్ దగ్గర నలుగురికీ బస్సు టూర్ బుక్ చేశా. పెనాంగ్ హిల్, కెక్ లోక్ సి గుడి, తిరిగి షిప్. పొద్దున్నే అందర్నీ థియేటర్లో కూర్చోబెట్టి చొక్కాలకి నంబర్ స్టిక్కర్లు అంటించారు, మా నంబర్ పిలిచేసరికే ముప్పావు గంట పోయింది, తర్వాత కొండ దగ్గరున్న ఎయిర్ ఇటామ్ దాకా ట్రాఫిక్, కొండ కింద మళ్ళీ క్యూ. కొండ రైలు మాత్రం నిజంగా బాగుంటుంది, 1923లో మొదలైన లైను అది, నిటారుగా అడవిలోంచి దాదాపు 700 మీటర్ల ఎత్తుకి లాక్కెళ్తుంది, పైన చల్లగాలి, కింద జార్జ్‌టౌన్ ఊరంతా, దూరంగా సముద్రం మీద 13.5 కిలోమీటర్ల బ్రిడ్జి. కానీ పైన మాకిచ్చింది నలభై నిమిషాలే. కెక్ లోక్ సి దగ్గరికొచ్చేసరికి టైం లేదని, 30 మీటర్ల పైన ఎత్తున్న కువాన్ యిన్ అమ్మవారి కంచు విగ్రహాన్ని బస్సు అద్దంలోంచే చూపించి ఫోటోలు తీసుకోమన్నారు. గుడి దాకా వచ్చి దణ్ణం పెట్టుకోకుండా వెళ్ళడమేంటి అని అమ్మ దారంతా బాధపడుతూనే ఉంది. గైడ్‌ని నేనేమీ అనను, పాపం ట్రాఫిక్‌కి ఆయనేం చేస్తాడు, కానీ గుడి లోపలికి వెళ్ళే వీలు దొరక్కపోవచ్చని టికెట్ అమ్మేటప్పుడే చెప్పాలి కదా. ఈ టూర్‌కి అయిదుకి రెండు ఇస్తా, ఆ రెండూ కొండ రైలుకే.

ఒంటిగంటకి తిరిగొచ్చాం, అయిదింటికల్లా షిప్ ఎక్కాలి. అప్పుడు తెలిసింది అసలు సంగతి. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ ఊరి బయట ఎక్కడో లేదు, గేటు దాటి రోడ్డెక్కితే ఎదురుగా విక్టోరియా రాణి పేరు మీద కట్టిన గడియారం స్తంభం, పక్కనే 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగిన చోట కట్టిన కోట, ఫోర్ట్ కార్న్‌వాలిస్. 2008లో యునెస్కో గుర్తించిన పాత ఊరు మొత్తం అక్కణ్ణుంచి నడక దూరమే. ఈ ఒక్క ముక్క ముందే తెలిసుంటే బస్సెక్కేవాళ్ళమే కాదు.

అమ్మకోసం త్రిషా మాట్లాడాం, గంటకి 40 రింగిట్లు. మన రిక్షాలాంటిదే కానీ సీటు ముందుంటుంది, తొక్కే ఆయన వెనక, కాబట్టి ఎదురుగా ఎవరూ అడ్డం లేకుండా ఊరంతా కనిపిస్తుంది. అమ్మానాన్నా అందులో, నేనూ మా ఆవిడా పక్కన నడక. ఎంత నెమ్మదిగా వెళ్ళిందంటే నాన్న బోర్డులన్నీ కూడబలుక్కుంటూ చదివారు.

పాత ఊళ్ళో ఒక్క రోడ్డు చుట్టుపక్కలే చర్చి, చైనా వాళ్ళ గుడి, మన మారియమ్మన్ గుడి, మసీదు వరసగా ఉన్నాయి. చైనా గుడిలో ఉన్నది పొద్దున అద్దంలోంచి చూసిన అదే కువాన్ యిన్ అమ్మవారు. అమ్మ దిగి, చెప్పులు పక్కన విడిచి, అక్కడివాళ్ళని చూసి తనూ అగరొత్తులు వెలిగించి రెండు చేతుల మధ్య నిలబెట్టి పట్టుకుని కళ్ళు మూసుకుంది, పొగకి కళ్ళు మండుతున్నా చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు. 1833 నాటి మారియమ్మన్ గుడి మధ్యాహ్నం కదా మూసేశారు, గోపురానికి దణ్ణం పెట్టుకుని లిటిల్ ఇండియాలో మల్లెపూలు కొనుక్కుంది.

తర్వాత కపితాన్ కెలింగ్ మసీదు. 1801లో దక్షిణాది నుంచి వెళ్ళిన ముస్లిం వర్తకులు మొదలుపెట్టింది. కెలింగ్ అంటే మన కళింగే, ఒకప్పుడు మన తీరం నుంచి ఓడల్లో వెళ్ళినవాళ్ళని అక్కడ అలా పిలిచేవాళ్ళు. ఇప్పుడు మనిషిని పట్టుకుని ఆ మాట అంటే తిట్టు కింద లెక్క కాబట్టి మీరు నోట అనకండి, మసీదు పేరులోనూ రోడ్డు పేరులోనూ మాత్రం అలాగే ఉండిపోయింది. మాది శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దగ్గర. నేను ఇది చెప్పగానే నాన్న త్రిషా ఆపించి దిగి రోడ్డు బోర్డు ముందు నిలబడ్డారు, "మన పేరేరా బాబూ ఇది" అన్నారు. ఫోటో తీయమన్నారు, ఇంకోటి తీయమన్నారు.

ఆర్మేనియన్ స్ట్రీట్‌లో 2012లో వేసిన గోడ బొమ్మ ఉంది, ఇద్దరు పిల్లల్ని గోడ మీద గీసి నిజం సైకిల్ బిగించారు, దాని ముందు క్యూ చాలా ఉంది, మేం నిలబడలేదు. దాని బదులు పక్కన బండి దగ్గర చెండోల్ తాగాం. ఆకుపచ్చ సేమ్యాలాంటి పిండి పీచులు, కొబ్బరిపాలు, రాజ్మా గింజలు, పైన ఐసు తురుము, వాటి మీద నల్లటి గుల మెలాకా పాకం, అచ్చం మన తాటిబెల్లం వాసనే. అన్నంలో మాంసం కూరలు పోసిచ్చే నాసి కందార్ కూడా ఇక్కడిదే, కందార్ అంటే కావడి అట, తమిళ ముస్లింలు కావడికి రెండు పక్కలా కుండలు కట్టుకుని అన్నం అమ్మేవాళ్ళట. మేం శాకాహారులం కాబట్టి తినలేదు.

చివర్లో చ్యూ జెట్టీ. నీళ్ళలో కర్రలు పాతి కట్టిన ఇళ్ళు, నడిచే చెక్కల సందుల్లోంచి కింద సముద్రం కనిపిస్తుంటుంది. మనుషులుండే ఇళ్ళవి, గుమ్మాల్లోకి కెమెరాలు పెట్టకండి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. షిప్ తిరిగి సింగపూర్‌కే వస్తుంది కాబట్టి మీ సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో చూసుకోండి. గొడుగు పట్టుకెళ్ళండి, ఎండకీ వానకీ కూడా.

ఊరికి మాత్రం అయిదుకి అయిదు. నాలుగున్నరకే షిప్ ఎక్కేశాం. ఇంకా రేవులోనే ఉన్నాం, సిగ్నల్ ఉంది, నాన్న డెక్ మీద నిలబడి ఊళ్ళో ఉన్న బాబాయికి ఫోన్ చేసి "తమ్ముడూ, ఇక్కడ మన కళింగం పేరు మీద రోడ్డుందిరా" అని గట్టిగా చెప్తున్నారు.