నీల్ ద్వీపానికి రెండు రాత్రులు ఉంచుకోండి

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు డ్రైవర్ మమ్మల్ని అండమాన్‌లోని నీల్ ద్వీపంలో నేచురల్ బ్రిడ్జి అనే రాతి తోరణం దగ్గర దింపాడు. అమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దిగితే, అక్కడ రాళ్ల మీద విరుగుతున్న అలలు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ తోరణం దాకా నడిచి వెళ్లే దారంతా నీళ్ల కింద ఉంది. ఆ రోజు తదియ, సముద్రం పోటు మీద ఉంది. ప్యాకేజీ కాగితంలో మాత్రం ఆ చోటుకు ఆ గంటే రాసి ఉంది. ఎండలో నిలబడి దూరం నుంచి రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి వచ్చేశాం. అంత ఖర్చు పెట్టుకుని వచ్చి ఇంతేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే అండమాన్ వెళ్లేవాళ్లకు మొదటి మాటగా ఇదే చెప్తాను. హోటల్ బుక్ చేసే ముందు ఆటుపోట్ల సమయాలు చూడండి. నెట్‌లో 'టైడ్ టైమింగ్స్' అని కొడితే రోజువారీగా దొరుకుతాయి. మన క్యాలెండర్‌తో కూడా సుమారుగా లెక్క కట్టొచ్చు. అమావాస్య, పున్నమి రోజుల్లో అక్కడ సముద్రం తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో ఒకసారి, సాయంత్రం నాలుగు ప్రాంతంలో మరోసారి బాగా వెనక్కి పోతుంది. తర్వాత రోజుకు ముప్పావుగంట, గంట చొప్పున ఆలస్యమవుతూ వస్తుంది. మేం ఈ లెక్క తెలియకుండానే వెళ్లాం.

ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి విమానంలో వెళ్లాం. నేను, మా ఆయన, పదేళ్ల బాబు, అమ్మ. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది కానీ ఆటోవాళ్లు ఇంకా బ్లెయిర్ అనే అంటున్నారు. మా ఆటో అబ్బాయి అమ్మ మాట విని, "తెలుగోళ్లా అమ్మా?" అని వెనక్కి తిరిగాడు. వాళ్ల తాతలది శ్రీకాకుళం వైపట. జంగ్లీఘాట్‌లో తెలుగు జాలర్ల కుటుంబాలు చాలా ఉన్నాయని చెప్పాడు. అమ్మకు అప్పటిదాకా ఉన్న టెన్షన్ అక్కడితో పోయింది. సెల్యులార్ జైలు తప్పకుండా చూడాలి. ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఆ వరండాలో నిలబడితే మాట పెగలదు. ఊళ్లో ఒక రాత్రి చాలు.

హ్యావ్‌లాక్ ద్వీపానికి (టికెట్ మీద స్వరాజ్ ద్వీప్ అని ఉంటుంది) వెళ్లేటప్పుడు ప్రైవేటు ఏసీ ఫెర్రీ ఎక్కాం. త్వరగా చేరుతుంది, సీట్లు బాగుంటాయి. కానీ అంతా అద్దాల మధ్య మూసేసి ఉండటంతో బాబుకు వాంతులయ్యాయి. తిరుగు ప్రయాణానికి ప్రభుత్వ ఫెర్రీలో టికెట్లు దొరికాయి. అది నెమ్మదిగా వెళ్తుంది, ధర చాలా తక్కువ. డెక్ మీద నిలబడితే మొహానికి గాలి తగులుతుంది. ఎగిరే చేపలు నీటి మీద నుంచి లేచి వెళ్తుంటే బాబు లెక్కపెట్టాడు. టికెట్ దొరికితే నా ఓటు దానికే.

హ్యావ్‌లాక్‌లో మా బసే బాగోలేదు. 'బీచ్ వ్యూ కాటేజీ' అని డబ్బు కట్టించుకుని జనరేటర్ పక్కన గది ఇచ్చారు. కిటికీ తీస్తే అరటి చెట్లు, డీజిల్ వాసన. అడిగితే రెండో రోజు మార్చారు కానీ మొదటి రాత్రి అమ్మకు నిద్ర లేదు. గది నంబరుతో సహా ఫొటో పంపమని ముందే అడగండి.

ఆ బాధంతా రాధానగర్ బీచ్ తీర్చేసింది. ఇసుక పిండిలా మెత్తగా, తెల్లగా ఉంటుంది. వెనకాల అడవి గోడలా నిలబడి ఉంటుంది. అవి సీ మహువా చెట్లని చెప్పారు, మన ఇప్ప కాదు. మేం వెళ్లింది అమావాస్య సాయంత్రం కావడంతో నీళ్లు వెనక్కి పోయి, తడి ఇసుక మీద ఆకాశమంతా పరుచుకుంది. గుర్తుంచుకోండి, అక్కడ ఐదున్నర లోపే సూర్యాస్తమయం అయిపోతుంది. మూడున్నరకల్లా చేరుకోవాలి. ఇసుక పురుగులు కుడతాయి, కాళ్లకు కొబ్బరినూనె రాసుకోండి. మొసళ్ల గురించి పెట్టిన బోర్డులు ఉత్తుత్తివి కావు, లైఫ్‌గార్డు విజిల్ వేస్తే బయటికి వచ్చేయండి.

ఎలిఫెంట్ బీచ్ మీద నాకు అంత గొప్ప అభిప్రాయం లేదు. పగడాలు ఉన్నాయి, స్నార్కెలింగ్ బాబుకు బాగా నచ్చింది. కానీ పది గంటలకల్లా బోట్లు, జనం, ఫొటో ప్యాకేజీల అరుపులు. వెళ్తే మొదటి బోటుకే వెళ్లండి.

ఇక మళ్లీ నీల్‌కు వస్తాను. అసలు ప్లాన్ ప్రకారం ఆ సాయంత్రమే అక్కడినుంచి వెళ్లిపోవాలి. మా ఆయన ఏజెంటుకు ఫోన్ చేసి, కొంత డబ్బు వదులుకుని ఒక రాత్రి పెంచాడు. ఒక బెంగాలీ కుటుంబం నడిపే చిన్న కాటేజీ దొరికింది. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే ఈ రెండు ద్వీపాల్లోనూ ఎక్కువ. ఏసీ లేదు, వేడినీళ్లు బకెట్లో తెచ్చిచ్చారు. మాకు నెట్ రాలేదు, నగదు దగ్గర ఉంచుకోవాలి. కానీ ఆ ఇంటి దీదీ తోటలో కోసిన ఆనపకాయతో పప్పు, అప్పుడే తెచ్చిన చేపతో ఆవపులుసు చేసి పెట్టింది. ఆవిడకు తెలుగు రాదు, అమ్మకు బెంగాలీ రాదు. ఆవిడ అమ్మను 'మాసీ' (పిన్ని) అని పిలిచి మరో గరిటె అన్నం వేసింది.

"బ్రిడ్జి చూడాలంటే పొద్దున ఆరు దాటాక వెళ్లండి, నీళ్లు ఉండవు" అంది వచ్చీరాని హిందీలో. పాత మనుషులు దాన్ని హౌరా బ్రిడ్జి అనే పిలుస్తారట.

మర్నాడు వెళ్తే నిన్న అలలు ఎగసిన చోట నేల బయటపడి ఉంది. చచ్చిన పగడాల గట్టి నేల అది, మధ్యమధ్య మడుగులు. పాచికి కాలు జారుతుంది, బూట్లు లేకుండా దిగకండి. ఒక స్థానిక గైడ్ అబ్బాయి ముందు నడుస్తూ ఒక్కో మడుగు దగ్గర ఆగాడు. మోచేతి పొడవున్న సముద్ర దోసకాయ అనే జీవి, నల్లగా, కదలకుండా. రాతికి అతుక్కున్న ఆల్చిప్ప నోరు తెరిచి ఉంది, లోపల అంచు నెమలికంఠం రంగు. మా నీడ పడగానే ముడుచుకుంది. బాబు ఒక శంఖం చేతిలోకి తీసుకుంటే లోపలినుంచి సన్నటి కాళ్లు బయటికొచ్చాయి. సన్యాసి పీత! ఖాళీ గవ్వ అయినా, పగడం ముక్క అయినా ఇక్కడినుంచి తీసుకెళ్లకూడదు, ఎయిర్‌పోర్టులో బ్యాగులు చూస్తారు. గైడ్ చెప్పేలోపే బాబు దాన్ని జాగ్రత్తగా నీళ్లలో పెట్టేశాడు. తోరణం కింద నిలబడి అమ్మ చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయింది. గంటన్నర ఉన్నాం. గైడ్‌కు మేమిచ్చింది ఈ మొత్తం ట్రిప్పులో అన్నిటికన్నా న్యాయంగా ఖర్చయిన డబ్బు.

తర్వాత లెక్క మాకే అర్థమైంది. మధ్యాహ్నం పోటు కాబట్టి భరత్‌పూర్ బీచ్‌లో గాజు అడుగు బోటును పదకొండున్నరకు పెట్టుకున్నాం. బోటు పగడాలకు తగలకుండా లోపలిదాకా వెళ్లింది. ఈత రాని అమ్మ, మోకాళ్ల నొప్పులతో ఏ బీచ్‌లోనూ నీళ్లలోకి దిగని అమ్మ, ఆ గాజు మీదికి వంగి పసుపు చారల చేపల గుంపును వేలితో చూపిస్తూ, "ఒరేయ్, ఇటు చూడరా" అని మనవణ్ని పిలుస్తూనే ఉంది.