షేమస్ హీనీ ‘బేవుల్ఫ్’ ద్విభాషా ప్రతి: కయీను సంతతి, కీర్తి కోరిన వీరుడు

ఐరిష్ కవి షేమస్ హీనీ 1999లో ప్రచురించిన ‘బేవుల్ఫ్’ వీరకావ్యపు అనువాదం, ఎడమ పేజీలో ప్రాచీన ఆంగ్ల మూలంతో, కుడి పేజీలో నేటి ఆంగ్లంతో ద్విభాషా ప్రతిగానూ దొరుకుతుంది. క్రైస్తవ చింతనలో రాక్షసుడెవరు, వీరుడెవరు అని తెలుసుకోగోరే పాఠకులకు నేను ముందుగా ఈ ప్రతినే సూచిస్తాను.

3,182 పాదాల ఈ కావ్యంలోని వీరులు క్రీస్తును ఎరుగని స్కాండినేవియా వారు. వారి కథ చెప్పిన కవి మాత్రం క్రైస్తవుడు. రాత్రివేళ డేన్ల (డెన్మార్క్ ప్రజల) రాజసభపై పడి మనుషులను తినే గ్రెండెల్‌ను ఆయన కయీను సంతతిగా పరిచయం చేస్తాడు. ఆదికాండం నాలుగో అధ్యాయంలో తమ్ముడు హేబెలును పొలంలో చంపిన కయీను తెలుగు బైబిలు పాఠకులకు సుపరిచితుడే కనుక, ఈ రాక్షసత్వానికి మూలం ఒక మనిషి ఇంట్లోనే ఉందని వారికి వెంటనే స్ఫురిస్తుంది. మన రావణుడూ పులస్త్యుని మనుమడే గానీ, అతనికి దక్కిన మోక్షం గ్రెండెల్‌కు లేదు.

నన్ను అమితంగా కదిలించిన ఘట్టం యుద్ధం ముగిశాక వస్తుంది. గ్రెండెల్‌ను ఓడించి, ఆపై మడుగు అడుగున అతని తల్లినీ చంపిన కథానాయకుడు బేవుల్ఫ్, రాక్షస రక్తానికి అలుగు కరిగిపోగా మిగిలిన కత్తి పిడిని తెచ్చి డేన్ల వృద్ధరాజు హ్రోత్‌గార్ చేతికిస్తాడు. జలప్రళయంలో రాక్షసజాతి నశించిన వైనం ఆ పిడిపై చెక్కి ఉంటుంది. దాన్ని తేరిపార చూసిన రాజు, విజేతను మెచ్చుకుంటూనే, బలం శాశ్వతం కాదనీ, గర్వాన్ని దగ్గరికి రానీయవద్దనీ హెచ్చరిస్తాడు. రాక్షసుణ్ణి గెలిచిన రోజునే వీరుడి లోపలి శత్రువును గుర్తు చేయడంలో ఈ కవి క్రైస్తవ దృష్టి పూర్తిగా వ్యక్తమవుతుందని నా అభిప్రాయం. ఇక్కడ హీనీ పలుకుబడి నిదానంగా, ఇంటి పెద్ద మాటలా సాగుతుంది. ఈ పుటల కోసమే పుస్తకం కొనవచ్చు.

యాభై ఏళ్లు రాజ్యమేలిన బేవుల్ఫ్ చివరికి నిధిని కాచే డ్రాగన్‌తో పోరాడి మరణిస్తాడు. ప్రజలు అతణ్ణి దయాళువని, సౌమ్యుడని పొగుడుతూనే, కీర్తికాంక్షలో అందరినీ మించినవాడని కూడా అంటారు. అది ప్రశంసో, హ్రోత్‌గార్ భయపడిన దోషమో కవి తేల్చలేదు. అనువాదకుడూ తేల్చకపోవడం సముచితంగా ఉంది.

ఈ ప్రతిలో నాకు కనిపించిన ముఖ్యమైన లోటు వ్యాఖ్యానం తక్కువ కావడం. అంచుల్లోని క్లుప్త సూచనలు కథను అందిస్తాయి గానీ, బైబిలు నేపథ్యాన్ని లోతుగా వివరించవు. ఆదికాండం 4 నుంచి 9 వరకు అధ్యాయాలను ముందుగా చదివి ఈ పుస్తకం తెరవడం మంచిది.