బ్లాకింగ్‌కి పంపితే నన్నే బ్లాక్ చేసింది, ఊలు శాలువాలు పంపేవాళ్ళు జాగ్రత్త

కోపంలో రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదూకోండి. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. తెల్ల టబ్బులో గులాబీ రేకులేసి స్వెటర్లు మెల్లగా ముంచుతూ రీల్స్ పెడుతుంది చూశారూ, ఊలు అమ్ముతుంది, మనం అల్లినవి పంపితే ఉతికి బ్లాకింగ్ (అంటే తడి మీదే కొలతకి సాగదీసి, పిన్నులు గుచ్చి ఆరబెట్టడం) చేసి ఇస్తానంటుంది, ఆవిడే. మీలో సగం మంది అక్కడే కొంటున్నారు. నేనూ కొన్నా, అందుకే ఈ ఏడుపు.

కథ పొడుగ్గా చెప్పను. మా అమ్మాయి కాల్గరీలో ఉంటోంది, చలికాలంలో మైనస్ 30కి కూడా దిగుతుందంట. దానికని సంక్రాంతి అయ్యాక శాలువా మొదలెట్టా, త్రికోణం శాలువా, అంతా ఆకుల డిజైను. ఒక్కోటి 100 గ్రాముల చిలపలు (ఊలు చుట్టలు) రెండు పట్టాయి, అంటే 800 మీటర్ల ఊలు. ఆ ఊలు కూడా ఈ మహాతల్లి దగ్గర కొన్నదే, అది గుర్తుపెట్టుకోండి. ఆషాఢానికి అయిపోయింది. మా ఎదురింటివాళ్ళ అబ్బాయి కెనడా వెళ్తుంటే వాడి చేత పంపుదామనుకున్నా, టైము పది రోజులే ఉంది.

మరి ఇంట్లో ఎందుకు చేసుకోలేదు అంటారు. నన్ను నేను రోజూ అడుగుతున్న ప్రశ్నే అది. ముసురు పట్టి వారం రోజులైంది, మా వీధిలో కాలువ కూడా పొంగింది, లంగా ఆరడానికే మూడు రోజులు పడుతోంది, ఇంక తడి ఊలు ఆరకపోతే ముక్కిన వాసనొస్తుందని భయం. మంచం మీద పిన్నులు గుచ్చితే ఆయన ఎక్కడ పడుకుంటారు. ఇలా నాకు నేనే సాకులు చెప్పుకుని, బద్ధకించి, 600 బ్లాకింగ్‌కి, 120 కొరియర్‌కి కట్టి పంపేశా. డబ్బులేసే ముందు "అక్కా, మీ పని చాలా నీట్‌గా ఉందక్కా" అంది. ఆ అక్కాకి పడిపోయా అనుకోండి.

పంపేటప్పుడు చీటీ కూడా రాసి పెట్టా. "సాదా ఊలు, సూపర్‌వాష్ కాదు. చల్లనీళ్ళు, చేత్తోనే, రుద్దొద్దు, పిండొద్దు. ఈ చివర్నుంచి ఆ చివరికి 72 అంగుళాలు రావాలి." సూపర్‌వాష్ అంటే మెషిన్‌లో వేసినా ముద్దకట్టకుండా ముందే తయారుచేసిన ఊలు, నాది అది కాదు. పంపినప్పుడు బ్లాకింగ్ లేకుండానే 54 అంగుళాలుంది. ఆ చీటీని మూడు మడతలు పెట్టి శాలువా కొసకి గుండుసూదితో గుచ్చా.

ఎనిమిదో రోజు కొరియర్ వచ్చింది. కవరు చేత్తో పట్టుకోగానే ఏదో తేడాగా ఉంది, పలచటి శాలువా మడిచిపెడితే అంత బిర్రుగా ఉండదు కదా. కత్తెరతో కోసి బయటికి లాగితే, బాబోయ్, ఏం చెప్పమంటారు. పూతరేకులాంటిది పంపితే దిబ్బరొట్టె వచ్చింది. ఆకు లేదు, కన్నం లేదు, అల్లిక అన్నదే కనపడట్లేదు, మొత్తం ఒకటే దళసరి కంబళి ముక్క. టేపు పెట్టి కొలిచా, 33 అంగుళాలు. మళ్ళీ కొలిచా, ఏదో రెండోసారి కొలిస్తే పెరుగుతుందన్నట్టు.

అప్పుడు చూశా కొసన. నా చీటీ. అదే గుండుసూది, అవే మూడు మడతలు. విప్పనే లేదండీ! నీళ్ళలో నానిపోయి, ఎండిపోయి, పప్పుచెక్కలా గట్టిపడి, నా గుండుసూదికే అతుక్కుని తిరిగొచ్చింది, సూది చుట్టూ తుప్పు మచ్చ. అంటే చీటీతో సహా ఉతికేశారు. శాలువా పాడైనందుకు ఎంత బాధో, అది చూసి అంతకి రెట్టింపు మండింది. ఇంకా ఉంది ఆగండి. వెలుతురులోకి తీసుకెళ్ళి చూస్తే మధ్యమధ్యలో నీలం పోగులు, జీన్స్ ప్యాంటు నూగు, ఊలు లోపలికి బిగుసుకుపోయి ఉన్నాయి, గోరుతో పీకినా రావట్లేదు. నా శాలువా క్రీమ్ కలరు! అంటే గులాబీ రేకులు రీల్‌లోనండీ, మనవి మాత్రం ఎవరివో ప్యాంట్లతో కలిపి మెషిన్‌లోకి, అదీ వేడినీళ్ళలో.

ఫోన్ చేశా. ఈసారి అక్కా లేదు, "చెప్పండి ఆంటీ" అంది. చెప్పా. అంతా విని ఏమందో తెలుసా, "ఊలు తడిస్తే ముడుచుకుంటుంది కదా ఆంటీ, అయినా మీ చెయ్యి బిగువేమో, అల్లేటప్పుడు పోగు టెన్షన్ సరిగ్గా లేకపోతే ఇలాగే అవుద్ది" అంది.

నా చెయ్యి బిగువు.

నరసాపురం పక్కన పల్లెటూరు మాది. తొమ్మిదేళ్ళకి నా చేతికి లేసు సూది ఇచ్చారు. మా అమ్మ అరుగు మీద కూర్చుని అల్లిన లేసు డబ్బులతోనే మా ఇద్దరి పుస్తకాలూ వచ్చేవి. ఆ లేసుకి 2024లో జీఐ ట్యాగ్ (ఈ ప్రాంతం సరుకే అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) కూడా వచ్చింది. లేసు నూలుది కాబట్టి వేడినీళ్ళని తట్టుకుంటుంది, ఊలు తట్టుకోదు, ఈ తేడా మా వీధిలో చిన్నపిల్లనడిగినా చెప్తుంది. చేపకున్నట్టే ఊలు పోగుకి కూడా కంటికి కనపడని పొలుసులుంటాయి, వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇంక బ్రహ్మదేవుడొచ్చినా విడదియ్యలేడు. ఇది ఊలు అమ్మే మనిషికి నేను చెప్పాలా? పైగా ఆవిడ అమ్మిన ఊలు గురించి ఆవిడకే?

నేను ఇంకా తేరుకోకముందే రెండో ముక్క వదిలింది. "చిన్న సైజు అయింది కదా, ఎవరైనా పాపకి కప్పుకోండి ఆంటీ, క్యూట్‌గా ఉంటుంది." ఆయ్, అలాగేనమ్మా. ఆరు నెలలు కళ్ళు పోగొట్టుకుని అల్లింది నీ క్యూట్ కోసమే. ఆ పైన ఇంకో 300 పంపితే ఆవిరి పట్టి సాగదీస్తుందంట. ముద్దకట్టేసిన ఊలుని ఆవిరితో సాగదీస్తుందంట! నేను కూడా ఆశ చావక జుట్టుకి పెట్టే కండిషనర్‌లో అరగంట నానబెట్టి లాగి చూశాలెండి, కొంచెం కుదించుకున్నవాటికైతే పనిచేస్తుందేమో గానీ దీనికి ఒక అంగుళం కూడా రాలేదు, ఇల్లంతా షాంపూ వాసన తప్ప.

అదృష్టంకొద్దీ మొదట్లో అల్లి చూసుకున్న నమూనా ముక్క దాచి ఉంచా. అదే ఊలు, అవే సూదులు, అదే నా "బిగువు" చెయ్యి. అప్పుడే ఇంట్లో ఉతికి పిన్నులు గుచ్చి ఆరబెట్టింది, ఆకులు ఎంత చక్కగా విచ్చుకున్నాయో. ఆ ముక్కనీ ఈ దిబ్బరొట్టెనీ పక్కపక్కన పెట్టి, చీటీ, నీలం పోగులు దగ్గర్నుంచి ఫొటోలు తీసి పంపా. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఐదు నిమిషాల్లో ఆవిడ ఫొటో మాయమైపోయింది, తర్వాత పంపినవన్నీ ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోయాయి. బ్లాకింగ్‌కి డబ్బులు తీసుకుంది కదండీ, చేసింది, పాపం మాట తప్పలేదు.

అబ్బాయి నిన్న వెళ్ళిపోయాడు. ఆవకాయ, సున్నుండలు వెళ్ళాయి, శాలువా లేదు. అమ్మాయి "పోన్లే అమ్మా, ఇక్కడ కొనుక్కుంటాలే" అంది, అది ఇంకా గుచ్చుకుంది.

మీకు చెప్పేదేంటంటే, పంపొద్దు, అంతే. పంపక తప్పదనుకుంటే డబ్బు సగమే కట్టి, నీళ్ళలో ముంచేటప్పుడు, పిన్నులు గుచ్చాక మీ ముక్కకే ఫొటో తీసి పెట్టమనండి, రీల్ చూసి నమ్మకండి. ఇంట్లోనే అయితే నీళ్ళు 30 డిగ్రీలు దాటకూడదు, 20 నిమిషాలు కదపకుండా నానబెట్టి, పిండకుండా కింద చెయ్యి పెట్టి ఎత్తి, పొడి టవల్‌లో చుట్టి నొక్కితే చాలు. తుప్పు పట్టని పిన్నులే వాడండి, మన గాలికి మామూలు గుండుసూది ఒక్క రాత్రిలో మచ్చేస్తుంది. ముసురులో కూడా ఫ్యాన్ కింద పెడితే ఆరుతుంది, పూర్తిగా ఆరేదాకా పిన్నులు తియ్యకండి. ఆయన్ని రెండు రోజులు చాప మీద పడుకోమనండి, నేనా పని చేసుంటే సరిపోయేది.

అన్నట్టు జూలై చివర్లో ఆవిడకి నీలం జీన్స్ ఉతకడానికి ఇచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి, మీ పోగులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, వచ్చి ఏరుకుని పట్టుకెళ్ళండి.