1,499 చెకప్ ప్యాకేజీ రిపోర్ట్ చూసి షుగర్ అని భయపడి 18,000 కట్టాం, మీరు కట్టకండి

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలు కొనేవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో ఆడవాళ్ళకి చేయిద్దామనుకునేవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. రీఫండ్ గొడవ ఇంకా నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయట్లేదు.

మా అక్కకి 44 ఏళ్ళు. ఉండేది కూకట్‌పల్లిలోనే, మాకు రెండు వీధుల అవతల. చాలా రోజులుగా మెట్లెక్కితే ఆయాసం, పొద్దున లేస్తూనే నీరసం. డాక్టర్ దగ్గరికి పదవే అంటే ఇప్పుడేం కొంపలు మునిగాయని అంటుంది. సరే అని నేనే ఫోన్‌లో ఆఫర్ చూసి, 85 పరీక్షలు 1,499 కే, ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారంటే బుక్ చేశాను.

ఆ 85 లెక్క తర్వాత కూర్చుని చూశాను. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చూసేది, ఒక్క పరీక్ష, దాన్ని హిమోగ్లోబిన్ ఒకటి, ఎర్ర కణాల సైజు చెప్పే ఎంసీవీ ఒకటి, ప్లేట్‌లెట్లు ఒకటి అని విడగొట్టి 24 చేశారు. కొలెస్ట్రాల్ అంకెల్ని ఒకదాంతో ఒకటి భాగిస్తే వచ్చే నిష్పత్తులు కూడా టెస్టులేనట. మూడు నెలల షుగర్ అంకెని ఫార్ములాలో వేసి తీసే సగటు గ్లూకోజ్ ఇంకో టెస్ట్. కాలిక్యులేటర్ ఉంటే ఇంట్లో మనమే చేసుకోవచ్చు దాన్ని.

శాంపిల్‌కి వచ్చిన అబ్బాయి హడావిడిలో ఉన్నాడు, ఇంకా నాలుగిళ్ళు తిరగాలట. నైటీ చేతి మీదే పట్టీ చుట్టి, అక్కతో వయసూ బరువూ అడుగుతూనే బీపీ చూసి 152/94 అని రాసుకున్నాడు. ట్యూబులు బ్యాగులో వేసుకుని బైక్ మీద వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి రిపోర్ట్ వచ్చింది, మొదటి పేజీ అంతా ఎరుపే. మూడు నెలల షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 6.7, పక్కన డయాబెటిస్ అని. బీపీ దగ్గర హైపర్‌టెన్షన్ అని. థైరాయిడ్‌ది, అంటే టీఎస్‌హెచ్, 5.9, అదీ ఎరుపే. అరగంటలో ఫోన్. కౌన్సెలర్ అట, మాటలో తేనె కారుతోంది. "మీకు షుగర్ కన్ఫర్మ్ మేడమ్, ఇప్పుడే పట్టుకుంటే మందుల్లేకుండా రివర్స్ చేసేయొచ్చు, మా ప్రోగ్రామ్‌కి ఈ రోజు కడితే 18,000, రేపటి నుంచి 30,000." అక్క వాళ్ళ మామగారికి షుగర్‌తో కాలి వేళ్ళు తీసేశారు, ఆ ఇంట్లో ఆ మాట వింటేనే వణుకు. బావ రాత్రికి రాత్రే కట్టేశారు.

పౌడర్ డబ్బాలు వచ్చాయి, అన్నం మానేయమన్నారు. పదో రోజుకి అక్క వంటింట్లో కళ్ళు తిరిగి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. అప్పుడు తీసుకెళ్ళాం దగ్గర్లో ఉన్న ఫిజీషియన్ దగ్గరికి.

ఆయన ఎరుపు పేజీ చూడలేదు, నేరుగా సీబీపీ పేజీకి వెళ్ళారు. హిమోగ్లోబిన్ 8.6, ఎంసీవీ 68, రెండూ తక్కువే. తలెత్తి అడిగిన మొదటి ప్రశ్న, "నెలసరి ఎన్ని రోజులు ఉంటోందమ్మా?" ఎనిమిది రోజులు, రెండేళ్ళ నుంచీ అంతే, బాగా ఎక్కువ. అంతసేపు ఫోన్‌లో మాట్లాడిన ఆ అమ్మాయి ఈ మాట అడగనేలేదు, అడుగుదామని నాకూ తోచలేదు, అది వేరే బాధ.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. హెచ్‌బీఏ1సీ అంటే ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కి ఎంత చక్కెర అంటుకుందో చూడటం. కణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి దాదాపు మూడు నెలల లెక్క తెలుస్తుంది. ఐరన్ తక్కువగా ఉన్నవాళ్ళలో ఈ అంకె ఉన్నదానికంటే పెరిగి కనిపించొచ్చు. ఈమధ్యే బాగా రక్తం పోయినా, రక్తం ఎక్కించినా, కణాలు తొందరగా చనిపోయే జబ్బు ఉన్నా ఉల్టాగా తగ్గి కనిపించొచ్చు. అక్క రిపోర్ట్‌లోనే పరగడుపు షుగర్ 97 ఉంది, నార్మల్. ఒకే రోజు తీసిన రెండు అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటే ఎవరికైనా అనుమానం రావాలి కదా. అలాగని ఆ 97 ని కూడా ఆయన నమ్మలేదు. బూడిద రంగు మూత ట్యూబులో, అంటే ఫ్లోరైడ్ ఉన్నదాంట్లో పెట్టకుండా గంటల తరబడి తిప్పితే ట్యూబులోని కణాలే చక్కెర తినేస్తాయట.

మళ్ళీ మొదటి నుంచి చేయించారు. హాస్పిటల్ ల్యాబులోనే పరగడుపున ఒకసారి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకి ఇంకోసారి. 94, 136. రెండు గంటలది 140 లోపుంటే నార్మల్, 200 నుంచి షుగర్. పరగడుపుది 126, హెచ్‌బీఏ1సీ 6.5, అవీ హద్దులే. కానీ విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం లాంటి స్పష్టమైన లక్షణాలు లేనప్పుడు ఒక్క అంకెతో ముద్ర వేయరు, అదే పరీక్ష మళ్ళీ చేసో, ఇంకో రకంది చేసో రెండుసార్లు హద్దు దాటిందని చూశాకే చెప్తారు.

బీపీకి వారం పాటు ఇంట్లో పొద్దునా సాయంత్రం చూసి రాసుకురమ్మన్నారు. ఐదు నిమిషాలు కూర్చున్నాక, బట్ట లేని చేతికి, పాదాలు నేల మీద ఆనించి, మాట్లాడకుండా. సగటు 124/80. ఇంట్లో చూస్తే 135/85 నుంచి ఎక్కువ కింద లెక్క. థైరాయిడ్ రెండు నెలల తర్వాత టీ4 అనే ఇంకో థైరాయిడ్ పరీక్షతో కలిపి మళ్ళీ చేస్తే టీఎస్‌హెచ్ 3.8, నార్మల్. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్ళు ఆ మాట ముందే చెప్పాలట, కొన్ని ల్యాబుల పద్ధతుల్లో థైరాయిడ్ అంకెలు తారుమారవుతాయి.

అసలు జబ్బు ఐరన్ లేకపోవడం. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ 6, చాలా తక్కువ. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు, అంటే గడ్డలు, కనిపించాయి, నెలసరి ఎక్కువ కావడానికి అవి కారణం కావచ్చు, దానికి గైనకాలజిస్ట్ వైద్యం నడుస్తోంది. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు వాడాక హిమోగ్లోబిన్ 12.1, హెచ్‌బీఏ1సీ 5.8. 5.7 నుంచి 6.4 దాకా సరిహద్దు కాబట్టి ఏడాదికోసారి చూసుకోమన్నారు.

ఇది చదివి షుగరే అబద్ధం, అంతా మందుల మాఫియా అని మొదలుపెట్టకండి దయచేసి. మా బావ కూడా అదే వారం చేయించుకున్నారు, పరగడుపు షుగర్ రెండుసార్లూ 160 దాటింది, ఆయనకి నిజంగానే ఉంది, మాత్రలు వేసుకుంటున్నారు. ఏ లక్షణమూ లేదు మరి ఆయనకి.

కొనేముందు మాత్రం రక్తం తీసుకెళ్ళేది ఎవరు, పరీక్ష చేసేది ఏ ల్యాబు అని అడగండి, రెండూ వేరే కావచ్చు. ఎన్‌ఏబీఎల్, అంటే ల్యాబులకి గుర్తింపు ఇచ్చే సంస్థ, గుర్తింపు ఉందంటే ఆ ల్యాబు పేరు ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో మీరే వెతకండి. రిపోర్ట్ వచ్చాక ఫోన్ చేసి అమ్మేవాళ్ళకి ఒక్క రూపాయి కూడా కట్టకండి, అదే కాగితం పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

డబ్బు అడిగితే ప్రోగ్రామ్ మొదలయ్యాక రీఫండ్ లేదని యాప్‌లో ఉందన్నారు, నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. 1915 కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాక 5,000 ఇస్తాం, రివ్యూ తీసేయండి అని వచ్చారు. అక్క ఒప్పుకోలేదు. పౌడర్ డబ్బాలు ఇంకా ఆరు అటక మీదున్నాయి, పారేయనివ్వట్లేదు, కేసు వేస్తే చూపించాలట.