జపాన్‌లో చేతితో కాగితం చేయడం నేర్చుకోవాలంటే ఎచిజెన్‌కా, తొకుషిమాకా?

మొదట ఎచిజెన్ వెళ్లాను. 2024 మార్చి నుంచి టోక్యో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) నేరుగా ఎచిజెన్-తకెఫు స్టేషన్‌లో దింపుతోంది. అంతవరకు సుఖమే. కాగితం చేసే ఊళ్లకు వెళ్లే బస్సులు మాత్రం బాగా తక్కువ, టైమ్‌టేబుల్ ముందే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అక్కడ కాగితానికి ఒక దేవత ఉంది, కవకామి గోజెన్. "మీ పొలాలు చాలవు, నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి, కాగితం చేసుకుని బతకండి" అని ఏటి ఎగువన కనబడి నేర్పి వెళ్లిందట. 1843లో కట్టిన ఆమె గుడి కప్పు, మడతల మీద మడతలు పేర్చినట్టుంటుంది. దానికే ఒక గంట ఉంచుకోండి.

పాపిరస్‌కాన్ అనేచోట ఎవరైనా కాగితం చేయొచ్చు. గుజ్జు సిద్ధంగా ఉంటుంది, మనం జల్లెడతో ఎత్తి, పూరేకులూ రంగులూ వేస్తే సరి, కాసేపట్లో ఆరబెట్టి ఇస్తారు. పిల్లలతో వెళ్తే ఇది చాలు. నాకైతే ఎవరో వండిన అన్నంలో కూర కలుపుకుని, వంట వచ్చేసిందని చెప్పుకున్నట్టు అనిపించింది.

అందుకే షికోకు దీవిలోని తొకుషిమాకు వెళ్లాను. ఒసాకా నుంచి బస్సు, తర్వాత చిన్న రైల్లో అవా-యమకవా. అక్కడి అవా వాషి (జపాన్ చేతి కాగితం) కేంద్రంలో మొదటిరోజంతా కాగితం ముఖమే చూడలేదు. కోజో అనే మల్బరీ జాతి చెట్టు బెరడును క్షారపు నీళ్లలో ఉడకబెట్టి ఇచ్చారు. చన్నీళ్లలో దాన్ని వేళ్ల మధ్య పరిచి, నల్లమచ్చలూ కణుపులూ ఒక్కొక్కటే గిల్లి తీయాలి. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టే, కాకపోతే నడుము విరుగుతుంది. ఈ పని చేయించని శిక్షణకు డబ్బు కట్టొద్దని నా అభిప్రాయం.

రెండోరోజు తొట్టి దగ్గర. నారతోపాటు నీళ్లలో నెరి అనే జిగురు కలుపుతారు. అది తొరొరో-అవోయ్ మొక్క వేరు నుంచి వస్తుంది, మన బెండకు దగ్గర చుట్టం. చెయ్యి పెడితే బెండకాయ తరిగిన జిగటే! ఆ జిగురుంటే నార అడుక్కి దిగకుండా తేలుతుంది, నీళ్లు జల్లెడలోంచి నిదానంగా జారతాయి. తడి కాగితాలను మధ్యలో గుడ్డ లేకుండా ఒకదాని మీద ఒకటి పేర్చినా, ఒత్తి నీరు తీశాక విడిగా ఊడొచ్చాయి. ఎండలో ఆ జిగురు తొందరగా పలచబడుతుందని, అసలైన సీజన్ చలికాలమేనని చెప్పారు. నా మొదటి నాలుగు చిరిగాయి. నేర్పే పెద్దావిడ నా మోచేతులు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపి చూపించారు. ఆమెకు ఇంగ్లిష్ రాదు, నాకు జపనీస్ రాదు, ఇబ్బందేమీ రాలేదు.

చివర నీలిరంగు. తొకుషిమా నీలికి పేరున్న ఊరు. నీలి ఆకును దాదాపు 100 రోజులు మాగబెట్టి చేసిన సుకుమోతో రంగు తొట్టి సిద్ధం చేస్తారు. వాసన భరించాలి. కాగితం తొట్టిలో చీలిపోకుండా ముందు కొన్యాకు జిగురు పూస్తారు. కొన్యాకు మన కంద జాతి దుంపే. బెండ, కంద... మా అమ్మ వింటే పులుసు ఎప్పుడని అడిగేది. తొట్టిలోంచి ఆకుపచ్చగా వచ్చిన కాగితం, గాలి తగలగానే కళ్లముందే నీలమవుతుంది.

బస తొకుషిమా సిటీలోనే పెట్టుకోండి, కేంద్రం దగ్గర హోటళ్లు లేనట్టే. నేను దగ్గరని ఒక చిన్న అతిథి గృహంలో దిగాను. శాకాహారమని రెండుసార్లు చెప్పినా సూప్ చేపల రసంతోనే వచ్చింది. మూడు పూటలు కన్వీనియన్స్ స్టోర్‌లో ఉమెబోషి (ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) పెట్టిన అన్నం ముద్దలతో గడిచింది. పరుపులు మాత్రం శుభ్రం, ఆ మాట ఒప్పుకోవాలి.

వెళ్లేటప్పుడు ఒక గట్టి అట్టగొట్టం తీసుకెళ్లండి. నాకు తోచలేదు. మిగిలిన ఐదు కాగితాల్లో రెండు సూట్‌కేసులోనే ముడతలు పడ్డాయి.