తూకం వేసి చూసిన చక్కెర లేని మిఠాయిలు

గత మార్చిలో డాక్టరు గారు నన్ను 8 కిలోలు బరువు తగ్గమన్నారు. రాత్రి అన్నం మానమంటే మానాను, సాయంత్రం పూట మిర్చి బజ్జీలకు దణ్ణం పెట్టాను, కానీ ఆత్రేయపురం పూతరేకులకూ తాపేశ్వరం కాజాలకూ నడుమ పెరిగినదాన్ని కనుక చివర ఏదో ఒక తీపి నోట్లో పడకపోతే నాకు భోజనం చేసినట్టే ఉండదు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ వైపు చక్కెర లేని మిఠాయిల దుకాణం ఒకటి తెరిచారని విని, మా అత్తయ్యను వెంటబెట్టుకుని వెళ్లాను. అత్తయ్యకు పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. ఆవిడకు కావలసింది వేరు, నాకు కావలసింది వేరు అన్న సంగతి ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు. అప్పటి నుంచి నాలుగు నెలల్లో ఆరుసార్లు వెళ్లాను. నేను చెప్పబోయేది నగరంలోని ఈ తరహా దుకాణాలు చాలావాటికి వర్తిస్తుంది కనుక పేరు రాయడం లేదు.

దుకాణం శుభ్రంగా ఉంది. విడిగా అమ్మే మిఠాయిల పళ్లేల ముందు ఏ తేదీలోగా తినాలో రాసి పెట్టాలన్న నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి దేశమంతటా ఉన్నా, పాటించేవారు నాకు అరుదుగానే కనిపించారు. ఇక్కడ ప్రతి పళ్లెం ముందూ ఆ చీటీ ఉంది. కూర్చోవడానికి నాలుగు కుర్చీలు ఉన్నాయి. బండి పెట్టుకునే చోటు మాత్రం లేదు.

అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడుపోయేది కాజూ కత్లీ, కిలో 1,480 రూపాయలు. ముక్క పల్చగా, అంచు విరగకుండా ఉంది. కళ్లు మూసుకుని తింటే మామూలు కత్లీకీ దీనికీ తేడా చెప్పలేము. చక్కెర వేయకుండా పాకం ఎలా పట్టారని అత్తయ్య అడిగితే, కౌంటరు దగ్గరి కుర్రవాడు, “మాల్టిటాల్ వాడతామమ్మా, దాంతో కూడా తీగ పాకం వస్తుంది” అని దాచకుండా చెప్పాడు. అతను చెప్పినదాంట్లో అసలు కిటుకు ఉంది. కత్లీలో చక్కెర పని తీపి ఇవ్వడంతో అయిపోదు, జీడిపప్పు పొడిని పట్టి ఉంచే ఒళ్లు కూడా అదే ఇస్తుంది. సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి చక్కెరకంటే దాదాపు 600 రెట్లు తియ్యన కాబట్టి చిటికెడు చాలు, కానీ అర కిలో చక్కెర తీసేసిన చోటును ఆ చిటికెడు భర్తీ చేయలేదు. అందుకే చక్కెరలాగే ఒళ్లు కూడా ఇచ్చే మాల్టిటాల్ వంటి తీపి పదార్థాలు వస్తాయి. చక్కెర గ్రాముకు 4 కేలరీలు ఇస్తే మాల్టిటాల్ సుమారు 2 ఇస్తుంది. ఇంతవరకూ లాభమే. అయితే కత్లీలో మిగిలిన భాగమంతా జీడిపప్పు, దాంట్లో 100 గ్రాములకు 550 కేలరీలకు పైనే ఉంటాయి, దాని జోలికి ఎవరూ వెళ్లలేదు.

ఇంటికి వచ్చాక వంటింటి తూకం మీద ఒక ముక్క పెట్టి చూస్తే 18 గ్రాములు తూగింది. పెట్టె అడుగున, ఆవగింజంత అక్షరాలతో, 100 గ్రాములకు 410 కేలరీలని ఉంది. అంటే ముక్కకు 74. మామూలు కత్లీకి 100 గ్రాములకు 450 అనుకున్నా ముక్కకు 81 అవుతాయి. ఇంత ప్రయాసకూ, కిలోకు అదనంగా పెట్టిన మూడు వందలకూ నాకు మిగిలింది ముక్కకు ఏడు కేలరీలు, అవి అర చెంచా చక్కెరకు కూడా సరిపోవు.

లెక్క ఇలా వేసుకున్నది రెండో వారంలో. మొదటి రోజు రాత్రి, చక్కెర లేదు కదా అన్న ధీమాతో, టీవీ చూస్తూ ఆరు ముక్కలు తిన్నాను. మామూలు కత్లీ అయితే రెండో ముక్క దగ్గరే నా చేయి నాకే బరువయ్యేది. ఆరు ముక్కలంటే దాదాపు 440 కేలరీలు, ఒక పూట భోజనం. పైగా తెల్లవారేసరికి కడుపులో బూరెల మూకుడు మరుగుతున్నట్టు చప్పుళ్లు మొదలై, ఆ ఉదయం ఆఫీసుకు గంట ఆలస్యంగా వెళ్లాను. పాలియాల్స్, అంటే మాల్టిటాల్ జాతి తీపి పదార్థాలు, విరేచనకారి కావచ్చునన్న హెచ్చరిక కూడా పెట్టె అడుగునే, ధర చీటీ కింద సగం మూసుకుపోయి ఉంది. ఈ విషయంలో దుకాణాన్ని తప్పుపట్టక తప్పదు: పెట్టె ముందు వైపు బెత్తెడు అక్షరాలతో చక్కెర లేదని చాటుకునే వాళ్లు, ఎన్ని ముక్కల దగ్గర ఆగాలో కూడా అక్కడే చెప్పవచ్చు.

అంజీర్ బర్ఫీ దగ్గర మరో మెలిక ఉంది. దాని చీటీ మీద ‘చక్కెర కలపలేదు’ అని ఉంటుంది, ‘చక్కెర లేదు’ అని కాదు. మన ఆహార నిబంధనల ప్రకారం చక్కెర రహితమని రాయాలంటే 100 గ్రాములలో చక్కెర అర గ్రాము మించకూడదు. కలపలేదని రాయడానికి ఆ పరిమితి లేదు. ఈ బర్ఫీలో తీపికి వాడేది ఖర్జూరం, ఎండు ఖర్జూరంలో 100 గ్రాములకు 60 గ్రాములకు పైగా చక్కెరలే ఉంటాయి. రుచి అద్భుతంగా ఉందని ఒప్పుకుంటాను, అంజీర్ గింజలు పంటి కింద చిటపటలాడుతుంటే ఆగడం కష్టం. బెల్లం సున్నుండలను కూడా ఇదే అరలో పెట్టడం చూస్తే నవ్వు వచ్చింది. బెల్లానికీ గ్రాముకు దాదాపు 4 కేలరీలే, నేతికి 9. ఉండను పెట్టిన కాగితం ఐదు నిమిషాల్లో అద్దంలా మెరిసింది. మా అమ్మమ్మ చేసే సున్నుండలూ ఇంతే, కానీ ఆవిడ వాటిని ఒళ్లు చేయడానికే పెట్టేది.

స్టీవియాతో, అంటే ఒక మొక్క ఆకుల నుంచి తీసే తీపితో, చేసిన కలాకండ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. నాలుక చివర చేదు మిగులుతుంది.

స్టీవియా, సుక్రలోజ్ వంటి వాటిని బరువు తగ్గడానికి సాధనంగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సూచించింది. ఆ సూచన ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి వర్తించదనీ, మాల్టిటాల్ వంటి పాలియాల్స్‌ను అందులో చేర్చలేదనీ కూడా ఆ సంస్థే చెప్పింది. ఈ ముక్క చదివాక మా ఇద్దరి అవసరాలు ఎక్కడ వేరుపడతాయో స్పష్టమైంది. మాల్టిటాల్ కూడా రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతుంది, కానీ చక్కెర అంతగా కాదు. కాబట్టి ఏ పండుగకూ తీపి ముట్టని అత్తయ్యకు వారానికి ఒక ముక్క కత్లీ, అదీ డాక్టరు గారిని అడిగాకే, నిజంగా పనికొచ్చింది. మొదటి ముక్క ఆవిడ నాలుగు ముక్కలుగా తుంచుకుని, అరగంట సేపు తిన్నారు. అలా తినడం చేతనైతే నాకు ఈ దుకాణంతో పనే ఉండేది కాదు.

నాకు ఇక్కడ దొరికిన మేలైన వస్తువు చక్కెర లేని అరలో లేదు. పక్కనున్న చిన్న ఫ్రిజ్‌లో, ప్రమిదకంటే కాస్త పెద్దదైన మట్టి గిన్నెల్లో, కొద్దిగా నిజమైన చక్కెర వేసిన ఖుబానీ కా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్ పండ్ల తీపి, ఉంటుంది. గిన్నె 90 రూపాయలు. పెళ్లి విందుల్లో వడ్డించే ఖుబానీ మీద కస్టర్డో ఐస్‌క్రీమో వరదలా పారుతుంది, పండు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక్కడ రాత్రంతా నానబెట్టిన ఎండు ఖుబానీలను ఆ నీళ్లతోనే మెల్లగా ఉడికిస్తారట. పండు సగం కరిగి సగం నిలిచి, తేనె రంగు గుజ్జులో మునిగి ఉంటుంది. గింజలు పగలగొట్టి తీసిన పప్పు నాలుగు పలుకులు పైన వేస్తారు. పులుపు ఉండడం వల్ల నాలుగు చెంచాలకే తృప్తి కలుగుతుంది, రెండో గిన్నె మీదకు మనసు పోదు. గుజ్జు 80 గ్రాములు తూగింది. నూనె, నెయ్యి ఏమీ లేవు కాబట్టి, ఎండు పండు నీళ్లు పీల్చుకుని ఉబ్బిందే కాబట్టి, నా అంచనాలో ఇది వంద కేలరీల చుట్టుపక్కలే ఉంటుంది. మలాయి వేయవద్దని ముందే చెప్పాలి, లేకపోతే అడగకుండానే గరిటెడు వేస్తారు.

దుకాణం మీద నాకున్న పెద్ద ఫిర్యాదు కొలతల గురించి. పావు కిలోకు తక్కువ కట్టరు. రెండు ముక్కలు ఇవ్వమంటే, పెట్టె ధర గిట్టదన్నారు. నేను ఎరిగిన పాత మిఠాయి కొట్లలో రెండు లడ్డూలు కాగితంలో చుట్టి ఇవ్వడానికి ఎవరూ మొహం ముడుచుకోరు. బరువు తగ్గాలనుకునే మనిషి ఇంట్లోకి పావు కిలో పెట్టె తీసుకువెళ్లడమంటే పాలకు పిల్లిని కాపలా పెట్టడమే. నేను ఇప్పటికి 5 కిలోలు తగ్గాను. ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే ఒక గిన్నె ఖుబానీ, బుధవారం సగం పూతరేకు, ఈ రెండే నా లెక్కలో ఉన్నాయి, ఆ పూతరేకు కూడా చక్కెర పొడి, నెయ్యి వేసిన మామూలుదే.

అత్తయ్య తరఫున ఐదుకు నాలుగు మార్కులు, నా తరఫున రెండు, ఖుబానీని కలుపుకుంటే మూడు. ఖుబానీ ఆదివారం సాయంత్రం ఆరు దాటితే దొరకదు. పార్సిల్ అడిగితే, మలాయి వద్దన్నా సరే, వేరే డబ్బాలో పోసి సంచిలో పెట్టేస్తున్నారు. ఇంటికి వచ్చాక దాన్ని మా అబ్బాయికి అప్పగిస్తున్నాను.