ఫుట్‌పాత్ మీది హత్య: కథ ఎవరు చెప్పాలి, ఎస్సైనా, అక్కడ పడుకునే మనిషా?

చెన్నై సెంట్రల్ పక్కన వాల్టాక్స్ రోడ్డులో, ఇల్లు లేనివాళ్ల మధ్య ఓ హత్య. దాన్ని మానసిక నేరనవలగా తెలుగులో రాయాలంటే ముందు తేల్చుకోవాల్సింది కథకుణ్ణి.

శ్రమ
ఎస్సై అయితే: దర్యాప్తు క్రమం కాగితం మీదే దొరుకుతుంది. 2024 జులై 1 తర్వాతి కథలో అనుమానాస్పద మరణ విచారణ పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని సెక్షన్ 174 కింద కాదు, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 194 కింద.
ఫుట్‌పాత్ మనిషైతే: రాత్రి గంటగంటకూ తెలియాలి. షట్టర్ ఎప్పుడు దిగుతుంది, ఏ అరుగు ఎవరిది, మూట తలకిందే ఎందుకు, అక్టోబరు-డిసెంబరు వానలకు ఎక్కడికి జరుగుతారు. షెల్టర్ ఉన్నా కొందరు ఎందుకు పోరు? భార్యాభర్తలు విడిగా పడుకోవాల్సి వస్తే, బండి బయట వదలాల్సి వస్తే, వీధే నయమనిపిస్తుంది.

ప్రమాదం
ఎస్సై చూపులో వాళ్లు శవాలుగా, సాక్షులుగా మిగిలిపోతారు.
ఫుట్‌పాత్ "నేను"లో ఉచ్చు వేరు: నిద్రలేమితో, మందుతో జ్ఞాపకం చెదిరిందని చెప్పి చివర్లో అతణ్ణే హంతకుణ్ణి చేయడం. మతి చలించినవాడే చంపుతాడన్న అపోహకు అది ఊతం, అన్యాయం కూడా. మరపును ఆధారం దాచడానికి వాడకండి. మూడో అధ్యాయంలో ఒక సంఘటన జరిగిన రోజును అతనితో తప్పుగా చెప్పించండి. పదో అధ్యాయంలో ఆస్పత్రి ఓపీ చీటీ మీద అసలు తేదీ కనిపించాలి. పాఠకుడు వెనక్కి తిప్పి చూసుకోగలగాలి.

భాష
తమిళ ఎస్సై అయితే ప్రతి సంభాషణా అనువాదంలా వినిపిస్తుంది.
నెల్లూరు నుంచి వచ్చిన కూలీకి తెలుగే సహజం.

దర్యాప్తు మలుపులే బలమైతే ఎస్సై. "నేను చూసింది నిజమేనా?" అన్న ప్రశ్నే నవలను నడిపితే, ఆర్నెల్లు అదనంగా పట్టినా, ఫుట్‌పాత్ మనిషి.